కార్డు మీద నా వీపు

అక్టోబర్ 9, గురువారం

స్విమ్మింగ్ పూల్ ఎదురుగా సైకిళ్ళు బాగుచేసే కొట్టు ఉండేది. దాన్ని ఎత్తేసి కాఫీ, గిఫ్టులు కలిపి అమ్మే షాపు పెట్టారు. నేను పిల్లలకు చెప్పే ఈత క్లాసు అయ్యేసరికి వాన. తలదాచుకోవడానికి లోపలికి వెళ్ళాను.

ఛీ. తలుపు తీయగానే అత్తిపండు కొవ్వొత్తుల కంపు. కాఫీ వాసన దాని కింద పడి ఊపిరాడక కొట్టుకుంటోంది. ఇద్దరు ఆడవాళ్ళు రగ్గుల్ని పిల్లుల్ని నిమిరినట్టు నిమురుతున్నారు. గోడ మీద ‘ఊపిరి తీసుకో’ అని రాసి ఉంది. ఎక్కడ తీసుకోను? కౌంటర్ మీద కేకు ముక్క కనిపిస్తే కొరికాను. సబ్బు! ఓనరమ్మాయి ఫ్లోర్చె నవ్వుతూ, చాలామంది అలాగే పొరబడతారు బంగారం, అంది. నాకు యాభై నాలుగు. ఆమెకు ముప్పై ఉంటాయేమో. నేను బంగారమట.

కిటికీ దగ్గర కూర్చున్నాక తమ్ముడు హార్మెన్ ఫోన్ చేశాడు. స్కానింగ్ రిజల్టు వచ్చింది. క్లోమంలో క్యాన్సర్, లివర్‌కి కూడా పాకిందట. ఫుట్‌బాల్ స్కోరు చెప్పినట్టు చెప్పాడు. సరే, రేపు వస్తాను అన్నాను. ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత టేబుల్ మీద వాలిపోయి ఏడ్చాను, షాపులో అందరి ముందూ.

ఫ్లోర్చె ఇంకో కాఫీ తెచ్చి పెట్టింది. డబ్బులు వద్దంది. కాసేపు నా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. అప్పుడు బాగానే అనిపించింది. ఆ మాటా రాసుకోవాలి కదా.

అక్టోబర్ 10

నోట్లో ఇంకా సబ్బే.

నవంబర్ 16, ఆదివారం

హార్మెన్ మా ఇంటికి వచ్చేశాడు. మెట్లు ఎక్కలేడు కాబట్టి ముందుగదిలోనే మంచం వేశాను. ట్రీట్‌మెంట్ వద్దన్నాడు. లారీ నడిపినన్నాళ్ళూ ఏ రోడ్డు ఎక్కడ ఆగిపోతుందో నాకు తెలిసేది అక్కా, ఇదీ తెలుస్తోంది, అన్నాడు. నేను బంగాళదుంపలు చెక్కుతూ ఉండిపోయాను.

డిసెంబర్ 2, మంగళవారం

హార్మెన్ కోసం కార్డులు వస్తున్నాయి. దారం కట్టి వేలాడదీస్తున్నాను. ఈరోజు పూల్‌లో నాతో పనిచేసే హిల్లెకె పంపింది. ఫోటో కార్డు. వాన కారే కిటికీ, రెండు కాఫీ కప్పులు, టేబుల్ మీదికి వాలిపోయిన ఒకావిడ వీపు, పసుపు రెయిన్‌కోటు. కింద బంగారు అక్షరాల్లో ‘నెమ్మదిగా’.

నాకు వెంటనే తట్టలేదు. హార్మెన్‌కి తట్టింది. అక్కా, ఇది నువ్వే, ఇంత వెడల్పు భుజాలు నీకూ మన బీరువాకీ తప్ప ఇంకెవరికీ లేవు, అన్నాడు.

కోటు వైపు చూశాను. తలుపు పక్కన కొక్కేనికి వేలాడుతోంది, అదే పసుపు.

బాత్రూంలోకి పరిగెత్తి వాంతి చేసుకున్నాను.

డిసెంబర్ 3, బుధవారం

షాపులో నా వీపుతో ఒక స్టాండు నిండిపోయింది. నా ముందున్నావిడ రెండు తీసుకుంది. ఎవరికని అడిగాను. అత్తగారికి తుంటి ఆపరేషన్ అయింది, రెండోది ఎవరికైనా పనికొస్తుందని, అంది.

ఫ్లోర్చెని పిలిచాను. ముఖం కనబడట్లేదు కదా బంగారం, అంది. ఎంత అందంగా ఉన్నారో చూడండి, అంది. అందరూ ఈ కార్డే అడుగుతున్నారు, అంది.

మా తమ్ముడు చచ్చిపోతున్నాడని నాకు తెలిసిన క్షణం ఈ ఫోటో, అన్నాను. గట్టిగానే అన్నాను. మూలనున్న ఒకాయన తల దించుకున్నాడు. దించుకుని కాఫీ నురగ చప్పరించాడు.

ఫ్లోర్చె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మిమ్మల్ని ఒకసారి హత్తుకోనా, అంది. వద్దన్నాను. అయినా హత్తుకుంది. నా జుట్టుకు ఆ అత్తిపండు కంపు పట్టుకుంది. ఇంటికొచ్చి తలస్నానం చేశాను.

అంతకుముందే కార్డులన్నీ, షాపు లోపల ఉన్న కట్టలతో సహా తెప్పించి, వీధి చివర చెత్తడబ్బాలో పారేశాను. ఫోటో కూడా డిలీట్ చేస్తానని ఫ్లోర్చె మాటిచ్చింది.

డిసెంబర్ 21, ఆదివారం

హిల్లెకె పంపిన కార్డు మాత్రం మిగిలింది. హార్మెన్ దాన్ని మంచం పక్క గోడకు అంటించుకున్నాడు. పీకేశాను. మంచం మీంచి లేవబోయాడు, పడబోయాడు. నాదది, ఇటివ్వు, అని అరిచాడు. అంత గొంతు ఇంకా మిగిలుందని నాకు తెలియదు.

తర్వాత మెల్లగా చెప్పాడు. ఆరోజు ఫోన్‌లో నీ గొంతు రాయిలా ఉందే అక్కా. సరే, రేపు వస్తాను, అన్నావు, గ్యాస్ కనెక్షన్ వాడితో మాట్లాడినట్టు. రాత్రంతా కుమిలిపోయాను, దీనికి చీమ కుట్టినట్టయినా లేదే అని. ఇది ఆరోజుదేనని నువ్వు చెప్పాక చూస్తే తెలిసింది, ఎంత ఏడ్చావో.

నేనే మళ్ళీ అంటించాను. కొత్త టేప్ తెచ్చి, నాలుగు మూలలకీ. ఆ పిల్ల నా దగ్గర దొంగిలించింది వాడికి మందయింది. తలుచుకుంటే ఒళ్ళంతా కంపరం.

జనవరి 11, ఆదివారం

హార్మెన్ చావు కార్డు మీద, అంటే అంత్యక్రియలకు వచ్చినవాళ్ళకి పంచే కార్డు మీద, ఆ ఫోటోయే వేయాలట. నీ ఫోటో వేస్తాను రా, లారీతో దిగినది, అన్నాను. నా మొహం అందరూ చూసిందే కదే, అన్నాడు. ఇంకేదైనా అడుగు, అన్నాను. ఇంకేం అక్కర్లేదు, అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

జనవరి 18

పొద్దున్నే పోయాడు. కిటికీ తెరిచాను.

జనవరి 19, సోమవారం

గోడ మీది కార్డుకు హార్మెన్ వేళ్ళ చాక్లెట్ మరకలు. ప్రింటరు దాంతో పని జరగదన్నాడు. షాపుకు వెళ్ళాల్సి వచ్చింది.

ఫ్లోర్చె ఎదుట నిలబడి, ఆ ఫోటో ఇంకా ఉందా, అని అడిగాను. ఎర్రబడింది. డిలీట్ చేయడానికి మనసు రాలేదు, అంది. నాకు సంతోషమేసింది. ఆ సంతోషం మీద నాకే రోత పుట్టింది. ఫోన్‌లో వెతికింది. స్వెట్టర్ తొడుక్కున్న కుక్కకీ, సగం తిన్న టోస్టుకీ మధ్యలో ఉన్నాను.

పంపేముందు అడిగింది: కార్డు వెనకాల షాపు పేరు వేయొచ్చా, చాలా చిన్నగా?

పూల్ గట్టు మీద పరిగెత్తే పిల్లల్ని ఆపడానికి నేను చూసే చూపొకటి ఉంది. ఆ చూపే చూశాను. ఫోటో పంపేసింది.

జనవరి 24, శనివారం

హార్మెన్ అంత్యక్రియలు అయిపోయాయి. హాల్లో అందరి చేతుల్లోనూ ఆ కార్డే. ముందు వరసలో కూర్చున్నాను, వచ్చినవాళ్ళంతా కార్డు మీది వీపును గుర్తుపట్టి నా వెనక నుంచే వచ్చారు. భుజం మీద చెయ్యి వేసి వెళ్ళారు. చివరిదాకా నేను వెనక్కి తిరగలేదు.