పరాయి సమాధి ముందు సద్ది విప్పాను

యీలాన్, తైవాన్

చిరంజీవి తమ్ముడు యాదయ్యకు అన్న అంజయ్య దీవించి రాస్తున్నది.

నేను బాగానే ఉన్నాను. నువ్వు, లక్ష్మి, పిల్లలు బాగున్నారా అని అడగడం పద్ధతి గనుక అడుగుతున్నాను. చిన్నమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉందో మాత్రం నిజంగానే తెలుసుకోవాలని ఉంది. ఆమెకు నా దండాలు చెప్పు.

ఫోన్ ఉండగా ఉత్తరమేందని నవ్వుతావు. ఫోనులో నేను మాట్లాడుతుంటే నువ్వు స్పీకరు పెడతావు. పక్కన లక్ష్మి, ఆ పక్కన ప్లాట్లు చేసే నీ దోస్తు చెవులు రిక్కించి కూర్చుంటారు. నేను గొంతు పెంచితే "సిగ్నల్ లేదన్నా" అని పెట్టేస్తావు. కాగితానికి సిగ్నల్‌తో పని లేదు. చివరిదాకా చదువు.

ఇక్కడికి వచ్చి ఐదు నెలలైంది. వాన వచ్చి పోయేది కాదు, ఈ జిల్లాలో కాపురం పెట్టింది. ఉతికిన లుంగీ మూడు రోజులకు ఆరుతుంది. అన్నం బంకలా అంటుకుంటుంది, కూరలో కారం ఉండదు, చారు గిన్నె మూత తీస్తే చేప వాసన. సుజాత పొద్దున్నే వరి పరిశోధనకని పోతుంది. నాగలి పట్టినవాళ్ల ఇంట్లో పుట్టిన పిల్ల వరి పొలం చూడడానికి సముద్రం దాటి రావాల్సి వచ్చింది. శంషాబాద్‌లో మనం వరి వేసిన మళ్లన్నీ విమానాశ్రయం గోడౌన్లయ్యాయి కదా. నా బిడ్డ నన్ను బాగా చూసుకుంటుంది. నా గురించి రంది పడకు. నువ్వు పడవని తెలుసు, అయినా రాస్తున్నాను.

నా పుస్తకాల పెట్టెలు రెండూ కోళ్ల షెడ్డులో పెట్టించావని చిన్నమ్మ చెప్పింది. నలభై ఏళ్లు బడిలో పాఠాలు చెబుతూ ఒక్కొక్కటి పోగు చేసిన పుస్తకాలవి. కోళ్లకు చదువు వస్తే నాకు తెలియజెయ్యి.

ఇగ అసలు సంగతి. మొన్న నువ్వు సుజాతకు పంపిన మాటలు ఫోనులో మూడుసార్లు విన్నాను. "అన్నకేంది బిడ్డా, ఆడ సముద్రం పక్కన కాళ్లు సాపుకొని షికార్లు గొడుతుండు. ఈడ పరేషాన్ పడేది నేను. జర ఆ కాగితాల మీద సంతకం బెట్టి పంపమను. బాపు సమాధి ఏమన్న పంట పండుతదా?"

విమానాశ్రయానికి పోగా మనకు మిగిలింది గుట్ట పక్క చెలక ఒక్కటే. దాని మూలన బాపు సమాధి ఉంది. దాన్ని తీసేసి కార్లు నిలిపే షెడ్లు వేస్తానంటావు. నా సంతకం లేనిదే పని కదలదు. అందుకే ఈ మధ్య నీ నోట "అన్నా" అన్న మాట ఇన్నిసార్లు వస్తుంది. సరే, ముందు నా షికార్ల సంగతి విను.

ఇక్కడ కొత్తగా వచ్చినవాళ్లకు జిల్లా ఆఫీసువాళ్లు బొమ్మల పుస్తకం ఒకటి ఇస్తారు, ఏమేం చూడాలో, ఎక్కడెక్కడ నడవాలో. నెలకోసారి బస్సులో తిప్పుతారు. మమ్మల్ని తిప్పే ఆవిడ రిటైరైన పంతులమ్మ. నన్ను "అగోంగ్" అని పిలుస్తుంది. తాత అని అర్థమట. మొదటిసారి వేడినీళ్ల ఊటల దగ్గరికి తీసుకుపోయింది. నా పక్కన వియత్నాం నుంచి ఇక్కడి ఇంటికి కోడలిగా వచ్చిన పిల్ల, ఆ పక్కన ముసలివాళ్లకు సేవ చేయడానికి వచ్చిన ఇండోనేషియా పిల్ల. అరగంట సేపు ముగ్గురం తొట్టిలో కాళ్లు ఉడకబెట్టుకున్నాం. ఒకరి భాష ఒకరికి రాదు. ఇండోనేషియా పిల్ల నా చేతిలో కమలాపండు పెట్టింది. నువ్వు అన్నావే కాళ్లు సాపుకొని అని, అది నిజమే. చాపుకున్నాను.

రెండోసారి సముద్రం. నీళ్ల నడుమ తాబేలు ఆకారంలో ఒక దీవి ఉంది, పడవలో దాని చుట్టూ తిప్పుతారు. నేను ఎక్కలేదు. ఒడ్డున నిలబడి చూశాను. డెబ్బై ఏళ్లు దాటాక మొదటిసారి సముద్రం చూసి, చూశావా అని చెప్పడానికి పక్కకు తిరిగితే మీ వదిన లేదు. ఆ తాబేలు నాకు నచ్చలేదు.

మన దగ్గర షికారంటే ఏముంది? గగన్‌పహాడ్ రోడ్డు మీద చాయ్ తాగుతూ లారీలు చూడడం, గోడ పక్కన నిలబడి విమానాలు దిగుతుంటే తలెత్తడం. నువ్వు ఏటా గణపతి లడ్డు వేలం చూడడానికి బాలాపూర్ దాకా పోతావు. అది అయిన పదిహేను రోజులకు పెత్రమాస వస్తుంది. పెద్దలకు పెట్టే ఆ ఒక్క రోజు, ఇంటి వెనక ఉన్న చెలకకు రావడానికి మాత్రం నాలుగేళ్లుగా నీకు టైము దొరకలేదు.

పోయిన ఆదివారం కొండ దారి. ఆ రోజు సుజాత కూడా వచ్చింది. సగం ఎక్కేసరికి నా మోకాళ్లు మొరాయించాయి. మందిని ముందుకు పొమ్మని మేమిద్దరం ఆగిపోయాం. దారి పక్కన సముద్రం వైపు తిరిగి ఒక సిమెంటు అరుగు ఉంది. అటూ ఇటూ చేతులు చాపినట్టు పొట్టి గోడలు. గడ్డి మోకాళ్ల ఎత్తు పెరిగింది. నడుమ అక్షరాలు చెక్కిన పలక, ఓ పక్కన చిన్న రాయి. దారిన పోయేవాళ్లు కూర్చోవడానికి ఏ పుణ్యాత్ముడో కట్టించాడు, ఆ రాయి వాళ్ల మైసమ్మ అయి ఉంటుంది అనుకున్నాను. సుజాత నీళ్లకోసం కిందికి పోయింది. నేను సద్ది విప్పాను. పులిహోర, జొన్నరొట్టె.

చిన్నప్పుడు కార్తీకంలో బాపు మనల్ని చెట్ల కిందికి వంటకు తీసుకుపోయేవాడు, యాదికుందా? ఏది వండినా మొదటి ముద్ద అక్కడి రాతికి. పసుపు కుంకుమ పెట్టి, "తల్లీ, నీ జాగల కూసున్నం, ఏమనుకోకు" అనేవాడు. నేను ఏ దేవుణ్నీ నమ్మనని ఊరంతటికీ తెలుసు. అయినా మీ వదిన పసుపు కుంకుమల భరిణె సంచిలో ఉంది. చెయ్యి దానంతట అదే పోయింది. రాతికి పసుపు రాసి బొట్టు పెట్టి ముద్ద పెట్టాను. అప్పుడే సుజాత వచ్చింది.

"బాపూ! ఏం జేస్తున్నవ్? గిది గుడి గాదు, సమాధి!"

"ఎవలది?"

"నాకేం ఎరుక! ముందుగాల లెవ్వు!"

లేచేలోపే ఆ ఇంటివాళ్లు వచ్చేశారు. ఏటా ఈ పండుగ రోజుల్లో ఇక్కడ అందరూ పెద్దల సమాధులు బాగు చేసుకుంటారట. నా ఈడు మనిషి ఒకడు, నీ ఈడు మనిషి ఒకడు, వెనక ఒక కోడలు. ఇద్దరి చేతుల్లో కొడవళ్లు. సుజాత నడుము వంచి వంచి క్షమించమంటుంది. పెద్దాయన బొట్టు పెట్టిన రాతిని చూశాడు, ముద్దను చూశాడు, నన్ను చూశాడు. ఏదో అడిగాడు.

"నువ్వు వాళ్ల నాయినకు తెల్సినోనివా అని అడుగుతుండు బాపు."

"తెల్వదని చెప్పు. ఆకలైతే కూసున్ననని చెప్పు."

సుజాత చెప్పింది. ఆయన నవ్వాడు. వాళ్ల నాయిన ఎవరు ఎదురైనా ముందు "తిన్నావా" అని అడిగేవాడట, అందుకే నన్నూ కూర్చుని తిని పొమ్మన్నాడు. ఆ రాయి సమాధిని కాపలా కాసే నేల దేవుడట. దానికి ముద్ద పెట్టడం తప్పు కాలేదు.

నేను తింటూ చూశాను. అన్న ఎడమ వైపు గడ్డి కోస్తున్నాడు, తమ్ముడు కుడి వైపు. ఒక్క మాట లేదు. కోడలు సుజాత చెవిలో చెప్పింది. ఇల్లు పంచుకున్నప్పుడు కొట్లాడుకుని పదకొండేళ్లుగా మాటల్లేవట. కానీ ఈ పనికి ఇద్దరూ రాని సంవత్సరం లేదట.

"మరి నడుమ గడ్డి ఎవలు గోస్తరో అడుగు బిడ్డా" అన్నాను.

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అక్కడిదాకా వచ్చేసరికి ఇద్దరూ ఎదురెదురు పడక తప్పదట. అప్పుడు మాత్రం "నీ కొడవలి మొద్దు" అంటే "నీదే మొద్దు" అనుకుంటారట. ఏడాది మొత్తంలో అవే వాళ్ల మాటలు.

నాకు కూర్చోబుద్ధి కాలేదు. పెద్దాయన చేతిలో కొడవలి అడిగి తీసుకున్నాను. మన కొడవలి లాగే ఉంది. తడిగడ్డి, రెండు పిడికిళ్లు కోశానో లేదో అరచెయ్యి బొబ్బలెక్కింది. ఎవరి బాపు సమాధినో బాగు చేస్తున్నాను. మన బాపు సమాధి దగ్గర నేను ఎన్నడన్నా కొడవలి పట్టానా అని ఆలోచించాను. పట్టలేదు, యాదయ్యా. నీకు ప్లాట్ల పిచ్చి పట్టక ముందు, ప్రతి పెత్రమాసకు గడ్డి కోసింది నువ్వు, సున్నం వేసింది నువ్వు. నేను గుట్ట నీడన పుస్తకం పట్టుకుని, అక్కడ మిగిలింది, ఇక్కడ మిగిలింది అని చెప్పేవాణ్ని. ఒకసారి నువ్వు కొడవలి నా ముందు పడేసి, "చదివింది సాలు తియ్, నువ్వే కొయ్యి" అన్నావు. చదువురానివాడి మాట అని నేను ఏడాది మాట్లాడలేదు.

ఇది క్షమాపణ అనుకోకు. నాలుగేళ్లుగా ఆ సమాధిని పిచ్చిచెట్లకు వదిలేసింది నువ్వే, దాని గురించి పంట పండుతదా అని అడిగింది నువ్వే. ఆ మాట నేను మరిచిపోను.

నీ కాగితాలు సుజాత బల్ల మీద ఉన్నాయి. సంతకం పెట్టలేదు. పెత్రమాసకు వస్తాను, టికెట్టు తీయమని చెప్పాను. పెట్టేదీ లేనిదీ గడ్డి కోశాక అక్కడే చెబుతాను. సున్నం తడి ఆరకముందే, బాపు ముందు నిలబడి, దీన్ని తీసేద్దామన్నా అని నీ నోటితో అడుగు. అడగగలిగితే చూద్దాం. నీ దోస్తును మాత్రం తీసుకురాకు.

ఎవరన్నా ఇటు వస్తుంటే రెండు కిలోల జొన్నపిండి, కొంచెం కొత్త చింతపండు పంపు. పుస్తకాల పెట్టెల మీద ప్లాస్టిక్ పట్టా అయినా కప్పు. పిల్లలకు నా దీవెనలు. లక్ష్మిని అడిగానని చెప్పు. చిన్నమ్మ నా తల మీద చెయ్యి పెట్టి ఐదు నెలలైంది, నేను వచ్చేదాకా గట్టిగా ఉండమను.

కొడవళ్లు రెండు సాన పట్టించి ఉంచు. నా దానికి పిడి మెత్తటిది వేయించు. నువ్వు కుడి వైపు కొయ్యి, నేను ఎడమ వైపు కోస్తాను. నడిమి సంగతి అక్కడ చూసుకుందాం.

నీ అన్న
అంజయ్య