చుక్క మింగని నాయిన కడుపునొప్పి

2013 ఫిబ్రవరి 9

నాయినకు మళ్లీ అదే నొప్పి. పొట్టలో మొదలై వీపులోకి పొడుస్తోంది. అమ్మ ఊరి నుంచి తీసుకొచ్చింది. నారాయణగూడలో ఆసుపత్రిలో చేర్చాను. క్లోమం వాచిందన్నారు... పోయిన దసరాకూ ఇదే మాట.

ఫిబ్రవరి 10

ఏం పని చేస్తాడని డ్యూటీ డాక్టరు అడిగాడు. కల్లు గీస్తాడని చెప్పాను. అంతే, ఇంకేమీ అడగలేదు. తాగుడు వల్ల అని రాసేశాడు.

నాయిన కుండ దించి, రుచి చూడటానికి నాలుక మీద ఒక బొట్టు వేసుకుని ఉమ్మేస్తాడు. మింగడు. ఊరికంతా తెలుసు. అమ్మకే అనుమానం పట్టుకుంది.

"డాక్టర్లు ఉత్తగ రాస్తరా? చెట్టు మీద తాగితే నాకెట్ల ఎర్కైతది?"

నాయిన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఫిబ్రవరి 11

స్కానింగ్‌లో రాళ్లు లేవు. నొప్పి తగ్గింది కదా, తీసుకెళ్లమంటున్నారు. కారణం తెలియకుండానా? ఈ నొప్పి తాటిచెట్టు మీద ఉండగా వస్తే...

అశోక్‌నగర్‌లో నా రూముకే తీసుకొచ్చాను. ఊరికి పంపను.

ఫిబ్రవరి 13

చిక్కడపల్లి లైబ్రరీ. గ్రూప్-2 పుస్తకాలు మూసి వైద్యం పుస్తకం తెరిచాను, పక్కన డిక్షనరీ. తాగుడు, రాళ్లు కాక ఇంకో కారణం కూడా ఉంది. అరుదట — పేగులో గడ్డ పెరిగి క్లోమరసం వచ్చే దారిని మూసేస్తుంది.

రూమ్మేట్ శ్యామల నవ్వింది. "గ్రూప్స్ రాస్తున్నవా, డాక్టర్ అయితున్నవా?"

ఫిబ్రవరి 16

పెద్ద డాక్టరు గారి ముందు నిలబడ్డాను. అడిగాను. "సార్, మా నాయిన తాగడు. తాగడనుకొని ఒక్కసారి చూడున్రి."

ఎండోస్కోపీ రాశారు.

ఫిబ్రవరి 19

ఉంది. చిన్నపేగు మొదట్లో, క్లోమరసం పడే చోటే గడ్డ. ముక్క తీసి పరీక్షకు పంపారు. మామూలుదైతే గొట్టంతోనే తీసేస్తారట. క్యాన్సరైతే పెద్ద ఆపరేషన్.

అమ్మకు చెప్పాను. తడిగుడ్డ తెచ్చి నాయిన ముఖం తుడవబోయింది.

"వాసన జూస్తవా?" అన్నాడు నాయిన.

అమ్మ నవ్వబోయి ఏడ్చింది.

ఫిబ్రవరి 23

రిపోర్టు ఇంకా రాలేదు. రోజూ గీయకపోతే కల్లు పారడం ఆగిపోతుందని నాయిన పరేషాన్. "ఒక్కపూట పోయొస్త బిడ్డా." వద్దన్నాను. బతిమాలాడు. వద్దన్నాను. అలిగి అన్నం ముట్టలేదు.

అలగనీ. నేల మీద ఉన్నాడు.