విలస దాటిన హద్దు

అంతర్వేది

చి.సౌ. హారికకు నాన్న ఆశీస్సులు.

వేట నిషేధానికి ఈరోజే ఆఖరు. పొద్దుట వలలు సర్దాం, మధ్యాహ్నం ఐసు, డీజిలు ఎక్కించాం. మన తీరంలో నీళ్ళు వేడెక్కి విలస చేప బంగ్లాదేశ్ వైపు జరిగిపోయిందని ఇక్కడ అందరూ అంటున్నారు. అది గుడ్లు పెట్టుకోవాలని ఆ దేశమూ మనమూ ఇప్పుడు ఒకేసారి వేట ఆపుతున్నాం. రేపటినుంచి మాత్రం ఎవరి నీళ్ళు వాళ్ళవే.

మీ ఆయన బోటులోని ట్రాన్స్‌పాండర్ పెట్టె కట్టేద్దామన్నాడు.

"అది వెలుగుతుంటే మన చోటు తెలిసిపోయి బోట్లన్నీ వెనకాలే వచ్చేత్తాయండి మామయ్యగారూ."

"హద్దు దగ్గర కూత పెట్టేదీ అదే కదయ్యా దొరబాబూ. దాటితే జైల్లో పెడతారు."

"విలస దాటలేదేటండీ?"

"దానికి నెలలు నిండిన పెళ్ళాం లేదు."

నవ్వేశాడు. సాయంత్రం వెళ్ళి చూస్తే పెట్టె తీగ ఊడదీసి ఉంది. బిగించి వచ్చాను. ఫోనులో చెబితే అతను వింటాడని ఈ కార్డు రాస్తున్నాను.

పొత్తిళ్ళకు మీ అమ్మ పాత చీరలు ఉతికించి పంపాను, అందాయా? భీమిలిలో ఎండగా ఉందట, బయట తిరగకు. సూర్యావతి పిన్ని మాట విను. పురుడు ఇక్కడ పొయ్యలేకపోయానని మనసులో పెట్టుకోకు. నువ్వూ బిడ్డా చల్లగా ఉండాలి.

దొరబాబు గురించి బెంగపడకు. మీ అమ్మ పోయాక నేను సముద్రం మీదికి వెళ్ళలేదు. రేపు పొద్దున్నే అతనితో బోటెక్కి ఆ పెట్టె పక్కన కూర్చుంటాను.