రాజ్యం రాని నాటకం

ఆదివారం, ఆగస్టు 1988

టీవీలో ఆ పాత నాటకం మళ్లీ వేస్తున్నారని తెలిసి, తగరపువలస నుంచి అత్త పొద్దున్నే బస్సెక్కి వచ్చేసింది. అందులో నా భార్య రాజ్యం చేపలమ్మే మనిషిగా రెండు నిమిషాలు కనిపిస్తుంది. మొదటిసారి వేసినప్పుడు అత్త వాళ్ల వీధిలో టీవీ లేదు. రాజ్యం పోయి ఏడాది దాటింది. ఇంట్లో ఫోటోలున్నాయి గానీ, తన గొంతు ఆ నాటకంలో తప్ప మరెక్కడా లేదు.

అత్తకు చూపు ఆనదు. టీవీకి దగ్గరగా చెవి పెట్టి కూర్చుంది. హీరో రేవులో పడవ దిగాడు. తరువాత రాజ్యం రావాలి. సబ్బు ప్రకటన, టీ పొడి ప్రకటన వచ్చాక నేరుగా పెళ్లి పందిరి వచ్చేసింది.

“మా పిల్ల ఇంకా రానేదేటి బాబూ?”

“పెకటనలకి టైం సాలక ఆ ముక్క కోసేసినారత్తా.”

అత్త నా చెయ్యి పట్టుకుంది. “నువ్వు అప్పుడు సూసినావు కదా. ఏటన్నాదో సెప్పు, నాను ఇంటాను.”

“‘సేపలు తాజాగున్నాయి బాబూ, సూసి తీసుకో’ అన్నాది.”

“ఆ తర్వాత?”

ఆ మాటలు రాజ్యం నెల రోజులు ఇల్లంతా తిరుగుతూ వల్లించింది. ఎదుటివాడి మాటలు నేనే అందించేవాణ్ణి. అయినా ఎంత తడుముకున్నా రెండో మాట గుర్తు రాలేదు. ఏదో ఒకటి కల్పించి చెప్పాల్సిందేమో...

ఇందాక పక్క వేస్తుంటే అత్త మళ్లీ అడిగింది, “గురుతొచ్చిందేటి బాబూ?”

రాలేదన్నాను.