ఆయుధపూజ పత్తి

సింగానల్లూరు

ప్రియమైన అన్నకు,

నిన్న మిల్లు గేటు దగ్గర మీ బావ కందసామిని పోలీసులు పట్టుకుపోయారు. ఆయుధపూజకు మిషన్ల మీద ఉంచిన పత్తిని మరునాడు తలా పిడికెడు ప్రసాదంగా తెచ్చుకుంటాం కదా, మా టిఫిన్ క్యారియర్‌లో ఉన్నది అదే. కొత్త మేనేజరుకు ఈ వాడుక తెలియదు. దొంగతనం అన్నాడు. తప్పు ఒప్పుకుని సంతకం పెడితే చిన్న కేసుగా మార్చి, జరిమానాతో వదిలించేస్తారట. వకీలు గుమాస్తావి, నువ్వే చెప్పు. పెట్టించనా? ఆయన లేని ఇంట్లో నాకు ముద్ద దిగడం లేదు.

నీ సౌందరం

మదురై

ప్రియమైన తంగచ్చీ,

సంతకం మాత్రం పెట్టనివ్వకు. చిన్న కేసైతే జామీను మన హక్కు. పనివాడు యజమాని సొమ్ము తీశాడంటే అది పెద్ద కేసు. ఏళ్ల తరబడి జైలు పడవచ్చు, జామీను ఇవ్వడం మేజిస్ట్రేటు ఇష్టం. దాన్ని చిన్నది చేయడం మేనేజరు చేతిలో లేదు. ఒప్పుకుంటే దొంగ అన్న పేరు ఉండిపోతుంది, ఇంకే మిల్లూ పని ఇవ్వదు.

కోయంబత్తూరులో వకీలు వీరరాఘవన్ గారికి ఉత్తరం రాశాను, వెంటనే వెళ్లి కలువు. దొంగబుద్ధితో తీస్తేనే దొంగతనం. ఇది మిల్లు వాడుకేనని చెప్పే సాక్షులు కావాలి. నువ్వు మాత్రం కోర్టులో నోరు విప్పకు. నీ నోటి సంగతి నాకు తెలుసు!

మీ అన్న అళగిరిసామి

సింగానల్లూరు

ప్రియమైన అన్నకు,

జామీను అప్పుడే దొరికింది. ఇవాళ కేసే కొట్టేశారు! నీ మాటల్లో ఒక్కటే వినలేదు. క్యారియర్‌లో పత్తి పెట్టింది నేను. గేటు దగ్గర నన్ను పట్టుకోబోతే ఆయన "నాదే" అని ముందుకు నడిచారు. అలాంటి మనిషిని బోనులో చూస్తూ ఎలా ఊరుకోను? లేచి నిలబడ్డాను.

"సామీ, ఆ పత్తి నేను ఎత్తుకుంటిని. ఆయన కాదు. పూజ పత్తి సామీ, ఏటేటా ఎత్తుకుంటాము."

నా వెనకే, మిల్లులో మాతో పనిచేసే పొన్నమ్మాళ్ లేచి కొంగుముడి విప్పి తన పత్తి చూపించింది. "నేనూ ఎత్తుకుంటిని. నన్నూ పట్టుకోండి." మా లైను ఆడవాళ్లంతా లేచారన్నా, పని పోతుందని తెలిసి కూడా! వకీలు గారు ఇంక పెద్దగా వాదించనే లేదు. సాక్ష్యంగా పెట్టిన పత్తిని మేజిస్ట్రేటు నా చేతికే ఇప్పించారు. అందులో చిటికెడు ఈ కవర్లో పెట్టాను.

నీ సౌందరం

మదురై

ప్రియమైన తంగచ్చీ,

నోరు విప్పొద్దన్న నేను ఇప్పుడు నోరు మూసుకుని మీ దంపతులిద్దరికీ దండం పెడుతున్నాను. పొన్నమ్మాళ్‌కీ, మీ లైను వాళ్లకీ కూడా చెప్పు. ఇన్నేళ్లు కోర్టుల్లో తిరిగాను, ఇలాంటి సాక్షులను చూడలేదు.

ఆ పత్తి ఒకసారి చూపించమని మా వకీలు గారు అడిగారు. ఇంటికొచ్చి చూస్తే మీ వదిన అప్పటికే వత్తి చేసి దీపం వెలిగించేసింది.

మీ అన్న అళగిరిసామి