తగ్గిందని చెప్పింది మీరు

ఏలూరు,
జూలై 14, 2025.

పూజ్యులైన నాన్నగారికి,

అఖిల నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమమని రాస్తే పెద్దలకు రాసే పద్ధతి కుదురుతుంది గానీ, అబద్ధమవుతుంది. నేను క్షేమంగా లేను. మీ మీద చాలా కోపంగా ఉన్నాను. ఫోనులో చెబితే సరేనమ్మా అంటూనే అమ్మ చేతికిచ్చేస్తారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. నాట్ల హడావిడిలో ఉన్నా చివరిదాకా చదవండి.

మొన్న బుధవారం హాస్టల్లో భోజనం చేస్తుంటే కోడికూర ముక్క గుండెల మధ్య ఇరుక్కుపోయింది. నీళ్లు తాగితే నీళ్లే తిరిగొచ్చాయి. ఉమ్మి కూడా దిగలేదు. నా గదిలో ఉండే ఉజ్మా ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లింది. నాకు మొదట్నుంచీ మందిస్తున్న జాయ్సీ డాక్టరు గారే గొంతులోకి గొట్టం పంపి ముక్క తీశారు. మీకు కబురు చెయ్యలేదు. చేస్తే మీరు వచ్చేవారు, వస్తే మళ్లీ మీరే మాట్లాడేవారు.

తేరుకున్నాక ఆవిడ నన్నే అడిగారు, తగ్గిపోయిందన్నారు కదా, మళ్లీ ఎప్పుడు మొదలైందని. అసలు తగ్గనే లేదండీ అన్నాను. తగ్గిందన్నారనే కదమ్మా మందు ఆపేశాను అని ఆవిడ తల పట్టుకున్నారు.

తగ్గిందని చెప్పింది మీరు నాన్నగారూ. పోయిన నెల ఆవిడ నా మొహం చూసి ఎలా ఉందమ్మా అని అడిగితే, నేను నోరు తెరిచేలోపే, తమరి చేతి చలవ, శుభ్రంగా తింటుందండీ అన్నారు. ముద్ద ముద్దకీ నీళ్లు తాగాల్సి వస్తోందా అంటే, అబ్బే లేదండీ అన్నారు. ఆవిడ వద్దు వద్దంటున్నా, కొల్లేటికోట నుంచి తెప్పించి ఐసులో పెట్టించిన కొరమేనులు బల్ల కిందకి తోశారు. చేపలిచ్చి వచ్చిన చోట మీ మందు పనిచెయ్యలేదని ఎలా అంటామమ్మా అని ఇంటికెళ్తూ ఉంగుటూరు బస్సులో నాకే నచ్చజెప్పారు.

డాక్టరు దగ్గర మర్యాదేమిటండీ? మనసు కష్టపెట్టుకుని అలిగి వెళ్లిపోవడానికి ఆవిడేమన్నా వియ్యపురాలా? పనిచెయ్యలేదంటే మందు మారుస్తారు, మోతాదు పెంచుతారు. పాలు పడటం లేదో, గోధుమలు పడటం లేదో చూస్తారు. ఇది రెండు రోజుల జలుబు కాదు, అన్నం దిగే గొట్టానికొచ్చిన ఎలర్జీ, ఏళ్ల తరబడి ఉంటుంది, ఉన్నదున్నట్టు చెప్పకపోతే వాచి వాచి ఆ గొట్టం సన్నబడిపోతుంది అని మొదటి రోజే చెప్పారు. మీరు చేతులు కట్టుకుని ఆయ్ ఆయ్ అంటూ తలూపారు. ఒక్క ముక్క వినలేదు.

మిమ్మల్ని ఊరంతా మర్యాదస్తులంటారు. నాకూ గర్వమే. కానీ ఆ మర్యాదకు దెబ్బతిన్నది నా గొంతు.

శనివారం పదింటికి మళ్లీ రమ్మన్నారు. మీరు రావచ్చు. ఆవిడ అడిగినదానికి జవాబు నేనే చెబుతాను. మధ్యలో మీరు నోరు మెదిపితే లేచి వచ్చేస్తాను. చేపలు తేవద్దు.

అమ్మకు నమస్కారాలు.

మీ అమ్మాయి,
అఖిల

తా.క. ఇదంతా రాసి మడిచాక అమ్మకి ఫోను చేశాను. ఈ జబ్బు ఒకే ఇంట్లో ఇంకొకరికి కూడా ఉండొచ్చు, అడిగి కనుక్కోమని డాక్టరు గారు చెప్పారు. అదే అమ్మని అడిగాను. అప్పుడు చెప్పింది. ఏ పెళ్లిలోనూ మీరు బంతిలో కూర్చోకుండా అందరికీ కొసరి కొసరి వడ్డించేది మర్యాద కోసం కాదట. నలుగురి మధ్యా ముద్ద ఇరుక్కుంటుందని భయమట. ఇంటికొచ్చి మెత్తగా పిసికిన అన్నం పెరట్లో నిలబడి తింటారట. పెళ్లైన దగ్గర్నుంచీ ఇంతేనట. నాకు చెప్పొద్దని అమ్మ చేత ఒట్టు వేయించుకున్నారట. కోపం ఇంకా పెరిగింది నాన్నగారూ. ఏడుపూ వచ్చింది. శనివారానికి రెండు చీటీలు రాయించాను. రెండోది మీకే, అబ్బాయిరాజు గారి పేరు మీద. డాక్టరు గారు ఎలా ఉందండీ అని అడిగినప్పుడు నేను పక్కనే కూర్చుంటాను. మీ బదులు మాత్రం ఒక్క మాట కూడా చెప్పను. మీరే చెప్పాలి.