హెమ్లాక్ బేకి లారీ

హెమ్లాక్ బే ఆస్పత్రి,
నవంబరు.

పాదరస నిర్మూలన కార్యాలయంలోని డ్వేన్ పెల్కీ గారికి, హెడ్ నర్సు ఐలీ రాటియో నమస్కారాలు.

అయ్యా, మీరు చెప్పినట్టే గోడల మీది పాదరసం బీపీ మిషన్లు, థర్మామీటర్లు అన్నీ పీకేశాం. ఆ ఆవిరి పసిపిల్లలకు మంచిది కాదనీ, సరస్సులో కలిస్తే చేపల్లోకి ఎక్కుతుందనీ మీరు రాసింది చదివి ఊరు ఊరంతా హడలిపోయింది. "ఇంట్లో ఉన్న పాదరసం తెచ్చివ్వండి, వేడివేడి పాస్టీ పట్టుకెళ్ళండి" అని చర్చిలో చెప్పించాను. పిండి రొట్టెలో మాంసం, బంగాళాదుంప కూరి మా అమ్మ కాల్చినట్టే కాల్చాను లెండి. ఇంకేముంది, జనం ఎగబడ్డారు! పక్క జిల్లా వాళ్ళు కూడా దిగారు. ఆ సరుకంతా మూత బకెట్లలో సర్ది, కాన్పుల గది పక్కన సామాన్ల గదిలో పెట్టాం. తాళం పడే గది మాకు అదొక్కటే. మా అమ్మాయి మారిట్‌కి మార్చిలో నెలలు నిండుతాయి. ఈలోగా లారీ పంపి పట్టుకెళ్ళిపోండి, మీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
ఐలీ రాటియో

తా.క. ఒకాయన వాళ్ళ తాత గనిలోంచి తెచ్చిన పాదరసం జామ్ సీసా నిండా తెచ్చి, రెండు పాస్టీలు కావాలన్నాడు. ఇచ్చాను.

* * *

డిసెంబరు.

గౌరవనీయులైన శ్రీమతి రాటియో గారికి,

తమ లేఖ అందినది. ఎంతో సంతోషించాం. పాదరసం పరికరాలన్నీ తొలగించామని తమరే రాశారు కనుక తమ ఆస్పత్రిని పాదరస రహితంగా నమోదు చేశాం. ప్రశంసాపత్రం జతపరిచాం. పాదరసం లేని ఆస్పత్రికి లారీ పంపే వీలు లేదని తెలియజేయుటకు విచారిస్తున్నాం.

భవదీయుడు,
డ్వేన్ పెల్కీ

తా.క. పాస్టీలో క్యారెట్ వేస్తారా? మా ఆవిడ అడగమంది.

* * *

జనవరి.

పెల్కీ గారికి నమస్కారం పెట్టి, తల కూడా పట్టుకుని రాస్తున్నాను.

మహాప్రభో! పాదరసం లేనిది గోడల మీద. బకెట్లలో ఉంది! ఈ జిల్లాలో ఎక్కడా లేనంత ఉంది! ఆ ప్రశంసాపత్రం మాకొద్దు. మా పేరు కొట్టేసి లారీ పంపండి. మారిట్ పొట్ట చూస్తుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

ఇట్లు,
ఐలీ

తా.క. మీ పత్రం ఆ సామాన్ల గది తలుపుకే తగిలించాను. అక్కడొక పగులుంది, దాన్ని కప్పడానికి సరిపోయింది.

* * *

జనవరి.

గౌరవనీయులైన శ్రీమతి రాటియో గారికి,

పత్రాన్ని తగిలించినందుకు కృతజ్ఞతలు. పేరు కొట్టేయాలంటే ఆస్పత్రిలో పాదరసం వాడుకలో ఉన్నట్టు మా ఇన్‌స్పెక్టరు కళ్ళారా చూడాలి. బకెట్లో ఉన్నది వాడుక కిందికి రాదు. గోడ మీదున్నది వస్తుంది.

భవదీయుడు,
డ్వేన్ పెల్కీ

తా.క. క్యారెట్ సంగతి తెలుపలేదు.

* * *

ఫిబ్రవరి.

ఏమయ్యా పెల్కీ, నీకు నమస్కారాలు కూడానా!

మీ మాట నమ్మి, బుద్ధి లేక, పీకిన బీపీ మిషన్లను మళ్ళీ గోడకెక్కించాం. డాక్టర్ కంగాస్ పెద్దాయన. "నువ్వు దిగు ఐలీ, నేను చూస్తా" అంటూ నిచ్చెనెక్కి, ఒకటి కాస్తా జారవిడిచాడు. పాదరసం పూసలు పూసలుగా దొర్లి కాన్పుల గది తలుపు కిందికి పోయింది. సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు మీ ఇన్‌స్పెక్టరు! మా పేరు కొట్టేయకుండానే కాన్పుల గదికి సీలు వేసి పోయాడు. నేల శుభ్రం చేశాం, అయినా ఆ బకెట్లు కదిలేదాకా తెరవకూడదట. ఇక ఎవరికి నొప్పులొచ్చినా ఈ మంచులో వేరే ఆస్పత్రికి గంటన్నర కారులో పోవాలి. మారిట్‌ని ఎలా తీసుకెళ్ళను? నాకు ఏడుపొస్తోంది నాయనా. మొక్కుతాను, లారీ పంపు.

ఐలీ

తా.క. వెయ్యను. క్యారెట్ వేసేవాళ్ళతో నాకు మాటల్లేవు.

* * *

మార్చి.

పెల్కీ,

మారిట్ ఆస్పత్రి దాకా వెళ్ళలేకపోయింది. మంచు తుఫానులో దారి మూసుకుపోతే పెట్రోలు బంకులో, సిగరెట్ల బీరువా వెనక, కాన్పు నేనే చేశాను. పాప బతికింది. దుప్పటి లేక బంకు వాడి కోటులో చుట్టాం. ఈ ఊళ్ళో ఎన్నో కాన్పులు చేసిన దాన్ని, నా మనవరాలికి ఒక వెచ్చటి గది ఇవ్వలేకపోయాను. అంతా నా పాస్టీల వల్లే. ఇక అడిగే ఓపిక లేదు.

ఐలీ

తా.క. ఏమీ లేదు.

* * *

ఏప్రిల్.

గౌరవనీయులైన శ్రీమతి రాటియో గారికి,

మనవరాలు పుట్టినందుకు అభినందనలు. తమకొక శుభవార్త. లారీ మంజూరైంది!

తమ కాన్పుల గదిని శాశ్వతంగా మూసివేయుటకు ఉత్తర్వులు వెలువడ్డాయి. కనుక తమ ఆస్పత్రిలో ఇక పసిపిల్లలుండరు. పసిపిల్లలు లేనిచోట పాదరసం వల్ల ప్రమాదం లేదని ఇన్‌స్పెక్టరు ధ్రువీకరించారు. పైగా దాన్ని భద్రపరచిన అనుభవం తమకే ఉంది. అందుచేత చుట్టుపక్కల ఆస్పత్రులన్నిటి పాదరసాన్నీ దాచుటకు తమ ఆస్పత్రినే ఎంపిక చేశాం. లారీ గురువారం నిండుగా వచ్చి ఖాళీగా వెళ్తుంది. దించుకోవడానికి మనుషులను సిద్ధంగా ఉంచగలరు.

భవదీయుడు,
డ్వేన్ పెల్కీ

తా.క. డ్రైవరుకు ఒక పాస్టీ ఉంచగలరు. పాదరసం తెచ్చినవాళ్ళకు ఇస్తారని తమరే రాశారు.